గెలిస్తే నేను, ఓడితే గ్రహాలు

మనిషి కనిపెట్టిన లెక్కల్లో ఇంతవరకూ తప్పు దొరకనిది ఒక్కటే ఉంది. పని కలిసొస్తే అది మన కష్టార్జితం, బెడిసికొడితే టైమ్ బాగోలేదు. పక్కవాడి పద్దు మాత్రం తిరగేసి రాయాలి. వాడికి కలిసొస్తే నక్కతోక తొక్కాడు, బెడిసికొడితే చేసుకున్నవాడికి చేసుకున్నంత. తరతరాలుగా ఆడిట్ బెడద లేకుండా నడుస్తున్న ఈ పద్ధతి మీద కొందరు శాస్త్రవేత్తలు పనిగట్టుకుని బురద జల్లుతున్నారు. ఊరుకుంటే నెత్తికెక్కేలా ఉన్నారు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ గారి సంగతే చూడండి. 1975లో అచ్చయిన ఆవిడ ప్రయోగంలో ఆఫీసు ఉద్యోగులకు డాలరుకొకటి చొప్పున లాటరీ టికెట్లు అమ్మారు. కొందరికి ఏదో ఒకటి చేతిలో పెట్టారు, కొందరిని నచ్చింది ఏరుకోమన్నారు. డ్రాకు ముందు వెళ్లి, మీ టికెట్ ఎంతకిస్తారని అడిగారు. చేతిలో పెట్టించుకున్నవాళ్లు సగటున 1.96 డాలర్లు చెప్పారు. ఏరుకున్నవాళ్ల సగటు 8.67 డాలర్లు. గెలిచే అవకాశం అందరికీ ఒకటే కదా, ఇదంతా భ్రమ అని ఆవిడ తేల్చేశారు. ఎంత అన్యాయం! ఒకటి తీసి, వెనక్కి పెట్టి, పక్కది తీసి, ఎందుకో మనసొప్పక మళ్లీ మొదటిదే తీసుకునేటప్పుడు పడిన టెన్షన్‌కు ఆ మాత్రం రేటు ఉండదా?

తిరిగే చక్రంలో బంతి ఎరుపు గడిలో ఆగుతుందో, నలుపు గడిలో ఆగుతుందో పందెం కాసే జూదం రూలెట్. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటే కార్లో కాసినోలో ఆ బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇన్నిసార్లు నలుపు వచ్చాక ఇంకా ఎరుపు రాకపోవడం మర్యాద కాదని జనం ఎగబడి ఎరుపు మీద కాశారు. బంతికి మొహమాటం లేదు. కాసినవాళ్ల జేబులు ఊడ్చుకుపోయాయి. ఇందులో జనం తప్పేముంది, న్యాయంగా ఆశపడ్డారు.

అన్నిటికంటే దారుణం మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ చేసింది. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఈయన, అంతకు చాలా ఏళ్ల ముందు ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు పాఠం చెబుతూ, తిట్టడం కంటే మెచ్చుకోవడమే పనిచేస్తుందన్నారు. ఒక సీనియర్ లేచాడు. శిక్షణలో ఉన్నవాళ్లను విమానం బాగా నడిపారని మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడతారు, చెడామడా తిడితే దారికొస్తారు, ఇది మేం రోజూ చూసేదే అన్నాడు. కానెమన్ వాదించలేదు. నేల మీద గురి గీసి, దానికి వీపు పెట్టి నిలబడి ఒక్కొక్కరినీ రెండేసి నాణేలు వెనక్కి విసరమన్నారు. మొదటిది గురికి దగ్గరగా పడ్డవాళ్లలో చాలామందికి రెండోది దూరం జరిగింది. మొదటిది ఎటో పోయినవాళ్లకు రెండోది దగ్గరకొచ్చింది. నాణేలను ఎవరూ పొగడలేదు, తిట్టనూ లేదు. మరీ బాగా కుదిరినదాంట్లోనూ, మరీ చెడినదాంట్లోనూ అదృష్టానికి కొంత వాటా ఉంటుందనీ, అది రెండోసారి అలాగే రాదు కనుక ఫలితం మామూలు స్థాయికి దిగుతుందో ఎక్కుతుందో అనీ తాత్పర్యం. ఇలాంటి మాటే, బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లంత పొడవు ఉండరని, ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే అన్నాడు. అప్పుడే నోరు మూయించాల్సింది.

దీని పర్యవసానం ఎవరైనా ఆలోచించారా? తిట్టకపోయినా బాగుపడేవాడేనంటే, ప్రపంచంలోని మేనేజర్లు, మాస్టార్లు, కోచ్‌లు ఏ ముఖం పెట్టుకుని బతకాలి? సోమవారం పొద్దున్నే గొంతు చించుకునే మనిషికి మిగిలే తృప్తల్లా, ‘చూశావా, గట్టిగా అడిగాక లైన్లో పడ్డాడు’ అనుకోవడమే. అదీ లాక్కుంటారా?

ఇక అదృష్టం పేరెత్తగానే బ్రిటన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌ను తెస్తారు. 1928లో బ్యాక్టీరియా పెంచే పళ్లేలను బల్ల మీదే వదిలేసి సెలవులకు వెళ్లాడు. వచ్చేసరికి ఒకదాంట్లో బూజు పట్టి, దాని చుట్టూ బ్యాక్టీరియా నశించి కనిపించింది. బ్యాక్టీరియాను చంపే పెన్సిలిన్ అక్కడే దొరికింది. గిన్నెలు తోమకుండా వదిలేసే ప్రతివాడికీ అప్పటినుంచీ ఈయనే దిక్కు. బూజు ఇంకెందరి పళ్లేలకో పట్టే ఉంటుంది గానీ, పారేసే ముందు ఆగి చూడటం అంత తేలిక కాదని మాత్రం వీళ్లు చెప్పరు. ఆ బూజును మందుగా మార్చడానికి పదేళ్లు గడిచాక ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చైన్ బృందం నానా తిప్పలూ పడింది. 1945లో నోబెల్ ముగ్గురికీ కలిపే ఇచ్చారు. పెన్సిలిన్ ఎవరి పుణ్యమని ఇప్పుడు ఎవరినైనా అడిగి చూడండి, సెలవులకు వెళ్లినాయన పేరే చెబుతారు.