పనిచేసే కార్డు అంచు కోసి బంగారం తీస్తారట!

ఇప్పుడే జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతోంది, వాక్యాలు అటూఇటూ అయితే సర్దుకోండి. మా అక్క కొడుకు వచ్చాడు. నా టేబుల్ కింద పెట్టెలో ఒక పాత ఐఎస్ఏ సౌండ్ కార్డు (పాతకాలం కంప్యూటర్లలో పాటలు, శబ్దాలు వినిపించే బోర్డు) ఉంటుంది. ఉండేది. పనిచేసే కార్డు, పాత కంప్యూటర్లు బాగుచేసుకునేవాళ్ళకి దాని విలువేంటో తెలుసు, ఇప్పుడు పెద్ద కంపెనీలేవీ అలాంటివి తయారుచేయవు. ఆ మహానుభావుడు రేకుల కత్తెర తీసుకుని దాని అంచున ఉండే గోల్డ్ ఫింగర్స్ వరసని (కంప్యూటర్లో గుచ్చే చోట ఉండే బంగారు పూత పట్టీల్ని) నీటుగా కోసి, ఖాళీ సీసాలో వేసి, పైన "బంగారం" అని స్టిక్కర్ కూడా అంటించాడు. పక్కనే ర్యామ్‌లు, అవీ అంచుల్లేకుండా. ఏంట్రా ఇది అని అడిగితే "మామయ్యా, ఇందులో గోల్డ్ ఉంటుంది, నీకు తెలీదా? వీడియోలో చూపించారు" అని నాకే క్లాసు. నేను నోరు తెరిచేలోపే మా అక్క వంటింట్లోంచి "పోనీలేరా, ఎటూ చెత్తేగా" అంది. చెత్తట. ఆ మాట సంగతి తర్వాత చెప్తా, మర్చిపోను.

ఆ వీడియో నేనూ చూశాను. చూడక చస్తానా, ఫ్యామిలీ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు పంపారు, అందరూ "నీ దగ్గర ఇంత సామాను పడుంది కదా, చూడు" అనే ఉచిత సలహాతో సహా. మొదట ఒక గిన్నెడు పిన్నులు. కట్. ఆకుపచ్చ ద్రావణం, కొంచెం పొగ, వెనకాల హుషారు మ్యూజిక్. కట్. చిటికెడు గోధుమరంగు పొడి. కట్. మూసలో కరుగుతున్న బంగారం, ఆ వెంటనే అరచేతిలో చొక్కా బొత్తాం అంత మెరిసే ముక్క. అయిపోయింది, లైక్ చేయండి, షేర్ చేయండి. ఆ గిన్నెడు పిన్నుల్లోంచి అంత ముక్క రాదు బాబూ అని కింద ఎవరైనా రాస్తే వాళ్ళ మీద పడి ఏడ్చేవాళ్ళు వందమంది, "నీకు చేతకాక" అని.

చేతకాకపోవడం కాదు, లెక్క. బోర్డుల మీద పసుపుపచ్చగా మెరిసేది బంగారపు ముద్ద కాదు, పూత. దాని మందం మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మాటిమాటికీ పీకి పెట్టినా అరగకూడదని మంచి కనెక్టర్ల మీద వేసే గట్టి పూత ముప్పావు మైక్రాన్ ఉంటే నయం, చాలావాటికి అదీ ఉండదు. ముప్పావు మైక్రాన్ అంటే చదరపు సెంటీమీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా లేదు. ఒక ఏ4 కాగితం ఊహించుకోండి, దాని ఒక వైపంతా ఎక్కడా ఖాళీ లేకుండా ఆ మంచి పూత వేశారనుకోండి, అప్పటికీ గ్రాము రాదు, 0.9 దగ్గర ఆగిపోతుంది. ఇక టంకం బాగా పట్టడానికని బోర్డు మీద వేసే పల్చటి పూత ఉంటుంది చూశారూ, అది 0.05 మైక్రాన్ దగ్గర ఉంటుంది, దాంతో అదే ఏ4 నింపితే వచ్చేది 60 మిల్లీగ్రాములు. మా వాడు కోసిన అంచులన్నీ పక్కపక్కన పేరిస్తే పోస్టుకార్డు అంత కూడా కావు. దానికోసం పనిచేసే కార్డు!

"టన్ను ఖనిజంలో ఉన్నదానికన్నా టన్ను ఫోన్లలోనే బంగారం ఎక్కువ" అని ఇంకో డైలాగ్ ఉంది, ప్రతి వీడియోలో. నిజమే. చాలా ఎక్కువ. మరి మీ ఇంట్లో టన్ను ఫోన్లు ఉన్నాయా? అమెరికా జియలాజికల్ సర్వే అంచనా ప్రకారం పది లక్షల ఫోన్లకి వచ్చేది సుమారు 34 కిలోల బంగారం. అంటే ఫోన్‌కి 34 మిల్లీగ్రాములు, అదీ చిప్పుల లోపల వెంట్రుకకన్నా సన్నగా ఉండే తీగలతో సహా, పెద్ద స్మెల్టర్‌లో, అంటే లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో, మొత్తం కరిగిస్తే. గిన్నె, గరిటె పెట్టుకుని కూర్చున్నవాడి చేతికి అందులో ఎంత అందుతుందో మీరే చెప్పండి. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దేశం దేశమంతా కదిలింది, 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా దాదాపు 79 వేల టన్నుల పాత సామాను, అందులో 62 లక్షల ఫోన్లు పోగేస్తే వచ్చిన బంగారం 32 కిలోలు. రెండేళ్ళు, ఒక దేశం, 32 కిలోలు. మనవాడు మాత్రం ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని తీసేస్తాడు.

పైగా ఆ "కట్"లలో ఏం పోయిందో ఎవడూ అడగడు. నాకు తెలిసిన ఒకాయన చేసేవాడు, పాపం చాలా ఓపికగా, అందుకే చెప్తున్నా. టంకం ఉన్న పిన్నులు అలాగే నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే అందులోని తగరం తెల్లటి జిగురు ముద్దలా తయారవుతుంది, ఇక దాన్ని వడకట్టడం దేవుడి వల్ల కూడా కాదు, ఫిల్టర్ కాగితం మీద రోజంతా కదలకుండా కూర్చుంటుంది. పూత కింద ఉన్న రాగి పూర్తిగా పోకముందే తొందరపడి బంగారాన్ని కరిగిస్తే, కరిగిన బంగారం కరిగినట్టే వెనక్కి వెళ్ళి మిగిలిన రాగి మీదే అంటుకుంటుంది. అన్నీ సరిగ్గా కుదిరి చివరికి బంగారం విడిపోయి అడుగుకు దిగితే, అది మెరవదు. బురదలా ఉంటుంది. గోధుమరంగు బురద. అది చూసి "పాడైపోయింది" అనుకుని సింకులో పోసినవాళ్ళు ఉన్నారు. ఇవన్నీ వీడియోలో పెడితే మ్యూజిక్ పాడవుతుంది కదా.

సరే, డబ్బు పోతే పోయింది, ఊపిరితిత్తుల సంగతేంటి? "కిటికీ తీసి ఫ్యాన్ వేసుకోండి చాలు" అంటాడు ఆ వీడియోలో, చేతికి గ్లవ్స్ కూడా లేకుండా. నైట్రిక్ యాసిడ్ రాగి మీద పడితే వచ్చే ఆ ఎర్రటి గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. దాని దుర్మార్గం ఏంటంటే పీల్చినప్పుడు కాస్త దగ్గొస్తుంది, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, మనిషి మామూలుగా తిరుగుతాడు, పడుకుంటాడు. గంటలు గడిచాక, ఒక్కోసారి రోజు తిరిగాక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు. ఆస్పత్రికి పరిగెత్తినా నిన్న పీల్చిన పొగ గురించి డాక్టరుకి చెప్పాలని ఎవరికి తడుతుంది? ముక్కుకి కట్టుకునే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. యాసిడ్ గొడవ ఎందుకని బోర్డులు కాల్చేవాళ్ళు ఇంకో రకం, మంట అంటుకోకుండా బోర్డులో కలిపే బ్రోమిన్ రసాయనాలు కాలితే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. పాత రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) కాంటాక్టుల్లో వెండి ఉందని పీకుతారు, వెండితో పాటు కాడ్మియం కూడా ఉంటుందని చెప్పరు. కొన్ని పాత పవర్ ట్రాన్సిస్టర్ల తెల్లటి సిరామిక్‌లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టి పొడిచేస్తే ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు జీవితాంతం వదలదు. బంగారం కరిగిన ద్రావణంలో తెలిసీతెలియక అమ్మోనియా కలిపితే వచ్చే పదార్థం ఎండాక చిన్న రాపిడికే పేలుతుంది. ఇవేమీ రహస్యాలు కావు, కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నవే.

ఇక్కడ ఎవడో ఒకడు హెవెషీ కథ ఎత్తుకుంటాడు, నాకు తెలుసు. 1940లో నాజీలు కోపెన్‌హాగెన్‌లోకి వచ్చినప్పుడు జార్జ్ డి హెవెషీ అనే శాస్త్రవేత్త, మాక్స్ ఫాన్ లౌవే, జేమ్స్ ఫ్రాంక్ ఇద్దరి నోబెల్ పతకాల్నీ ఆక్వా రీజియాలో (బంగారాన్ని కూడా కరిగించే యాసిడ్ల మిశ్రమంలో) కరిగించి ఆ సీసాని అల్మారాలో మామూలు రసాయనాల మధ్య పెట్టేశాడు, సైనికులు వెతికినా దొరకలేదు, యుద్ధం అయ్యాక అందులోంచి బంగారం మళ్ళీ తీసి పంపితే నోబెల్ సంస్థ పతకాలు కొత్తగా పోయించి ఇచ్చింది. అద్భుతమైన కథ, నాకూ ఇష్టమే. కానీ అయ్యా, అది నీల్స్ బోర్ ఇన్‌స్టిట్యూట్, పెద్ద పరిశోధనా సంస్థ. ఆయన తర్వాత నోబెల్ అందుకున్న కెమిస్టు. ఆయన కరిగించింది పతకాలు, ప్రాణం మీదకొచ్చి. నువ్వు కరిగిస్తున్నది వైఫై రౌటర్.

ఆ ఆకుపచ్చ ద్రావణం ఆఖరికి ఎక్కడికి పోయింది అనేది ఇంకో ప్రశ్న. రాగి, నికెల్, సీసం అన్నీ అందులోనే ఉంటాయి. ఏ వీడియోలోనూ దాన్ని పారబోయడం చూపించరు. ఎందుకు చూపిస్తారు, బాత్రూమ్‌లో పోసి నీళ్ళు కొట్టారని అందరికీ తెలుసు. చైనాలో గ్వియూ అనే ఊరుండేది, ఉంది, ప్రపంచం పారేసిన బోర్డులన్నీ ఏళ్ళ తరబడి అక్కడికే చేరాయి, మనుషులు పొయ్యిల మీద బోర్డులు వేడి చేసి టంకం కరిగించారు, వాగుల పక్కన యాసిడ్ తొట్లు పెట్టారు. అక్కడి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2007లోనే పరిశోధకులు రాశారు. వాళ్ళు కడుపుకోసం చేశారు, ఇంకో దారి లేక చేశారు. మనవాళ్ళు ఎంజాయ్ చేయడానికి చేస్తున్నారు, వ్యూస్ కోసం.

ఇప్పుడు ఆ "చెత్తేగా" దగ్గరికి వద్దాం. నా అసలు మంట అదే, ఇవాళ్టిది కాదు. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుల్లో ఉన్నది 22.3 శాతం. సరే, బాధపడదాం. కానీ దాన్ని చెత్త చేసిందెవరు? బ్యాటరీని జిగురుతో అంటించిందెవరు? ర్యామ్‌ని బోర్డుకే సాల్డర్ చేసి, రేపు ఎక్కువ కావాలంటే మొత్తం మెషీన్ కొనుక్కో అన్నదెవరు? ఒరిజినల్ స్క్రీనే తెచ్చి మార్చినా "గుర్తించలేని భాగం" అని నోటిఫికేషన్ ఇచ్చే ఫోన్ ఎవరి తెలివి? ఐదేళ్ళకి అప్‌డేట్లు ఆపేసి, బ్యాంకు యాప్ పనిచేయకుండా చేసి, లోపల ఒక్క పార్టు కూడా పాడవని ఫోన్‌ని చంపేసేది ఎవరు? పాత ఫోన్లని సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేస్తూ ఆ సంగతి జనానికి చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ ఒక పెద్ద కంపెనీకి 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది, వాళ్ళకది చిల్లర. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీ వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం పెట్టాల్సి వచ్చింది. చట్టం! ఒకప్పుడు గోరుతో వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్ళం, దానికిప్పుడు పార్లమెంటు కూర్చోవాలి.

ఇంత చేసి ఆ కంపెనీలే "మీ పాత ఫోన్ మాకిచ్చి భూమిని కాపాడండి" అని ఆకుల బొమ్మ వేసిన కవరు పంపుతాయి. నేను ఒకసారి నా ట్యాబ్‌కి బ్యాటరీ ఒక్కటే మార్చమని సర్వీస్ సెంటర్‌కి వెళితే, కౌంటర్లో ఉన్న అబ్బాయి దాన్ని తెరవకుండానే, కనీసం ఆన్ చేయకుండానే, "సర్, దీనికి ఖర్చు పెట్టడం వేస్ట్, ఎక్స్‌ఛేంజ్ చేసేయండి" అన్నాడు. తెరిచి నేనే మార్చుకున్నాను, వెనక జిగురుని హాట్ ఎయిర్‌తో మెత్తబరిచి, ప్లాస్టిక్ కార్డు దూర్చి, మిల్లీమీటర్ మిల్లీమీటర్ లాగుతూ, ఎక్కడ బ్యాటరీకి చిల్లు పడుతుందోనన్న టెన్షన్‌తో. ఆ ట్యాబ్ ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళ లెక్కలో అది చెత్త. మా అక్క లెక్కలో కూడా. బాగుచేసేవాడు ఇంటినిండా చెత్త పెట్టుకున్నవాడు, ఏడాదికో ఫోన్ మార్చేవాడు మాత్రం అప్‌డేటెడ్ మనిషి. బాగుచేసుకుని వాడితే పిసినారి, విరగ్గొట్టి యాసిడ్‌లో వేస్తే టాలెంటు. ఎవరు రాశారో ఈ రూల్స్.

కామెంట్లలో "బ్రో, ఏ యాసిడ్ ఎంత కలపాలి" అని అడగబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా, చెప్పను. వీడియో లింకు పెట్టినా డిలీట్ చేస్తా. నిజంగానే పాత సామాను ఉండి ఏం చేయాలో తెలియనివాళ్ళు, పనిచేసేది పనిచేయించుకునేవాళ్ళకి ఇవ్వండి, అడగండి, మీరనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. నిజంగా చచ్చిపోయినవి లైసెన్సు ఉన్న రీసైక్లర్‌కి బోర్డు బోర్డుగానే ఇవ్వండి, అంచులు కోసేసిన బోర్డుకి వాళ్ళూ తక్కువే కడతారు, ఎందుకంటే పైకి కనిపించే బంగారం మీరే గీకేసుకున్నారు. ఉబ్బిన బ్యాటరీ ఉంటే మిగతా సామానుతో కలిపి సంచిలో వేయకండి, విడిగా ఇచ్చి ఉబ్బిందని నోటితో చెప్పండి.