బ్రౌన్ గ్రంథాలయాన్ని మరవకూడదు
కడప పర్యాటక స్థలాలపై వచ్చిన వ్యాసంలో, ఆ ఊళ్లో పెద్ద దర్గా, దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడి చూశాక సాంస్కృతికంగా చూడదగినదేదీ మిగలదన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. 1820లో ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్, తన బంగళాలో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను సరిపోల్చి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించిన చోటే, సాహితీవేత్త జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల నేటి బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. అక్కడ తాళపత్రాలను దగ్గరగా చూసిన మా పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు మరే పర్యాటక స్థలంలోనూ అడగలేదు. ఇటువంటి చోట్లు పర్యాటక ప్రకటనల్లో కనిపించవు. గ్రంథాలయానికి వచ్చే పెద్దలను పలకరిస్తే, ఊళ్లో సాహిత్య సభలు ఎక్కడ జరుగుతున్నాయో వారే చెబుతారు. దేవుని కడప గురించి రాస్తూ, ఉగాదినాడు ముస్లింలు ఆ గుడికి వచ్చి స్వామిని దర్శించుకునే ఆచారాన్ని ప్రస్తావించకపోవడం కూడా నా దృష్టిలో పెద్ద లోపమే.