చలానా దాటి చూడని చట్టం

హెల్మెట్ లేకపోతే ఎంత, సీటు బెల్టు మరిచిపోతే ఎంత, తాగి దొరికితే ఎంత... మోటారు వాహనాల చట్టం అనగానే జనం నోట వచ్చేవి ఈ లెక్కలే. సవరణ చట్టం 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చినప్పుడూ చర్చంతా జరిమానాల చుట్టూనే తిరిగింది. తాగి నడిపితే రూ.10 వేలు, లైసెన్సు లేకపోతే రూ.5 వేలు, అంబులెన్సుకు దారివ్వకపోతే రూ.10 వేలు అని విని గుండెలు బాదుకున్నాం. చలానా ఎంతన్నది చాలామటుకు రాష్ట్రాల చేతుల్లోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో పెంచింది. తెలంగాణ పెంచకపోగా, పేరుకుపోయిన చలానాలపై 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పండగ డిస్కౌంట్ల మాదిరి రాయితీ ఇచ్చింది. ఆగితే తగ్గుతుందని తెలిసినవాడు వెంటనే ఎందుకు కడతాడు? నంబరు ప్లేటుకు మాస్కు తగిలించి సిగ్నల్ దాటేవాళ్లు మన వీధుల్లో కొత్త కాదు.

ఈ గోలలో పడి, అదే చట్టంలో ప్రాణం నిలబెట్టే సెక్షన్లను పట్టించుకోలేదు. ప్రమాదం జరిగిన తొలి గంటలో బాధితులకు నగదు రహిత చికిత్స అందేలా కేంద్రం పథకం తేవాలని 162వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా పథకం అతీగతీ లేదు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో గడువు పెట్టి, అది దాటాక మందలిస్తే తప్ప ఫైలు కదల్లేదు. ఎట్టకేలకు 2025 మే 5న నోటిఫికేషన్ వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు, ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా చికిత్స ఉచితం. ఈ పథకం కింద ఎంపికైన ఆస్పత్రుల జాబితాలో లేనిదాంట్లో చేరిస్తే మాత్రం పరిస్థితి నిలకడకు వచ్చేదాకానే.

అసలు చిక్కు అక్కడే ఉంది. రాత్రి పదింటికి హైవే మీద ఎవరో బైకు మీంచి పడిపోయి ఉంటే, ఆటోలో ఎక్కించుకున్నవాడికి ఏ ఆస్పత్రి జాబితాలో ఉందో ఎలా తెలుస్తుంది? కనబడిన నర్సింగ్‌హోమ్ ముందు దిగితే ‘అడ్వాన్స్ ఎంత కడతారు?’ అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. ఫాస్టాగ్ లేకపోతే అదనపు రుసుమని టోల్ ప్లాజాల్లో బోర్డులు పెట్టగలిగినవాళ్లు, దగ్గర్లోని జాబితా ఆస్పత్రుల పేర్లు రాసి పెట్టలేరా? రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ వెంటనే చేయాల్సిన పని ఇది. లెర్నింగ్ లైసెన్సు పరీక్షలో రోడ్డు గుర్తులతో పాటు దీనిపైనా ఒక ప్రశ్న అడగాలి.

రక్తమోడుతున్న మనిషి చుట్టూ చేరి ఫోన్లో వీడియో తీసేవాళ్లను తిట్టుకుంటాం. వాళ్లలో కొందరిది నిర్దయ కాదు, ‘పోలీసు కేసు మనకెందుకు’ అన్న టెన్షన్. సాక్ష్యం పేరిట స్టేషన్ చుట్టూ తిప్పిన రోజులుండబట్టే ఆ భయం పుట్టింది. 134ఎ సెక్షన్, 2020 సెప్టెంబరు నాటి నిబంధనల ప్రకారం ఇప్పుడు సాయం చేసినవాడి పేరు, చిరునామా బలవంతంగా అడగకూడదు. సాక్షిగా ఉండటం అతని ఇష్టం. తీవ్రంగా గాయపడినవారిని తొలి గంటలో ఆస్పత్రికి చేర్చి కాపాడినవారికి 2025 నుంచి రూ.25 వేల పారితోషికం కూడా ఉంది. అంతకుముందు అది రూ.5 వేలే. ఎస్సైకి తెలిసిన ఈ సంగతి గేటు దగ్గరి కానిస్టేబుల్‌కూ తెలియాలి.

పదో తరగతి కుర్రాడికి బండి తాళాలిచ్చి మురిసిపోయే నాన్నలు 199ఎ సెక్షన్ ఒక్కసారి చదవాలి. పిల్లవాడు నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, రూ.25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

బండితో ఢీకొట్టి పారిపోతే పదేళ్ల జైలు అన్న, ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత నిబంధనపై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగితే హైదరాబాద్ బంకుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టాం. ఆగితే జనం చావగొడతారన్న డ్రైవర్ల భయం తీసిపారేయదగ్గది కాదు. కేంద్రం దిగొచ్చి, అదే ఏడాది జులై 1న కొత్త సంహితను అమల్లోకి తెచ్చినా ఆ నిబంధనను పక్కన పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, గుర్తుతెలియని వాహనం ఢీకొని చనిపోతే ఇచ్చే పరిహారాన్ని రూ.25 వేల నుంచి రూ.2 లక్షలకు, తీవ్ర గాయాలకు రూ.12,500 నుంచి రూ.50 వేలకు పెంచారు. దానికి దరఖాస్తు చేసుకోవాల్సింది ఆర్డీవో లేదా తహసీల్దార్ దగ్గర అన్న విషయం ఎంత మందికి తెలుసు?

ఢీకొన్న వాహనం తెలిసినప్పుడు పరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. లోగడ దానికి గడువు లేదు. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలలని పెట్టారు. దీన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టులో ఉన్నాయి. గడువు మీరిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని కోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం ఆర్నెల్లలో తేరుకుని కాగితాలు పోగుచేసుకోవాలనడమే అన్యాయం. పార్లమెంటే ఆ గడువును ఎత్తేయాలి. తీర్పు వచ్చేదాకా మాత్రం బాధిత కుటుంబాలు ఆలస్యం చేయకుండా ఆరు నెలల్లోపే పిటిషన్ వేసుకోవడం క్షేమం.