మన సినిమా తుపాకీలో తూటాలెందుకు అయిపోవు?

ఏకే-47 మ్యాగజీన్‌లో, అంటే తూటాలు నింపి తుపాకీకి తగిలించే డబ్బాలో, పట్టేవి 30 తూటాలు. ఆటోమేటిక్‌లో పెట్టి ట్రిగ్గర్ వదలకపోతే నిమిషానికి 600 చొప్పున పేలుతుంది. అంటే మూడు సెకన్లలో ఖాళీ. నిండిన మ్యాగజీన్ బరువు దాదాపు 800 గ్రాములు. ఆరు కట్టుకున్న జవాను ఐదు కిలోలు మోస్తాడు, అన్నీ కలిపినా అతని చేతిలో ఉన్నది 18 సెకన్ల కాల్పులు. మన హీరో మాత్రం తుపాకీని నడుముకు ఆనించి, ఒకే మ్యాగజీన్‌తో పాటంతా కాలుస్తాడు. దీన్ని చిన్న తప్పుగా కొట్టిపారేయలేం. సైనిక సినిమాలో ఉత్కంఠ పుట్టే చోటునే మన దర్శకులు చేజేతులా పారేసుకుంటున్నారు.

మ్యాగజీన్ మార్చే ఆ రెండు మూడు సెకన్లు జవాను ప్రాణం పక్కవాడి చేతిలో ఉంటుంది. ఒకడు కదిలితే ఇంకొకడు కవర్ ఫైర్ ఇవ్వాలి, అంటే శత్రువు తలెత్తకుండా కాల్పులు జరపాలి. ఆ ఇంకొకడి తుపాకీ సరిగ్గా అప్పుడే జామైతే? మొత్తం సీన్ అక్కడుంది! కానీ తూటాలు అయిపోనప్పుడు పక్కవాడి అవసరమే రాదు. అందుకే మన సినిమాల్లో హీరో వెనక ఉన్న సైనికుల పేర్లు కూడా గుర్తుండవు. పైగా అందరూ ఫ్రేములో పట్టాలని భుజం భుజం రాసుకొని నడుస్తారు. అట్లా నడిచే సెక్షన్‌ను, అంటే చిన్న సైనిక జట్టును, ఒక్క గ్రెనేడ్ లేపేస్తుంది. అసలు సైనికులు మధ్యలో గజాల కొద్దీ ఎడం వదిలి నడిచేది అందుకే.

గ్రెనేడ్ సంగతీ అంతే. అది పేలితే దుమ్ము, పొగ, ఇనుప ముక్కలు. నారింజ రంగు మంట గోళం పెట్రోలుతో సెట్లో చేసేది. పిన్నును పళ్లతో లాగితే ఊడేది పళ్లే.

సినిమా డాక్యుమెంటరీ కాదని, టికెట్ కొన్నవాడికి ఊపు కావాలని నిర్మాతలంటారు. ఊపు కావాల్సిందే. కానీ తూటాలు లెక్కపెట్టడానికి పైసా ఖర్చు కాదు, ఒక అసిస్టెంట్ డైరెక్టర్ చాలు. డమ్మీ తుపాకీలో సీసం నింపి అసలు బరువు తెస్తే నటుడి భుజం దానంతటదే వాలుతుంది, నటించక్కర్లేదు. రిటైరైన సుబేదార్‌ను షూటింగ్ రోజున కాకుండా స్క్రిప్ట్ రాసేటప్పుడే కూర్చోబెట్టుకోవాలి. హన్మకొండ జేఎన్ఎస్ గ్రౌండులో ఆర్మీ భర్తీ కోసం తెల్లారకముందే ఉరికే పిల్లలకు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులని, పది బీములకు (పుల్-అప్‌లకు) 40 అని నోటికొచ్చు. వాళ్లను నమ్మించలేని సైనిక సినిమా ఇంకెవరి కోసం?

నా అసలు బాధ ఇంకోటుంది. ఈ అలవాటు మన సొంత యుద్ధానికీ, తెలంగాణ సాయుధ పోరాటానికీ పాకింది. 2016 దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట కిందికి పోయిన బైరాన్‌పల్లి మీద 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డాయి. ఊరివాళ్లు ఎక్కి ఎదురు నిలిచిన బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. అప్పటి పల్లె దళాల చేతిలో ఉన్నవి రాళ్లు విసిరే వడిసెలలు, భర్మార్లనే నాటు తుపాకులు. భర్మార్‌లో మూతి నుంచి తుపాకీ మందు పోయాలి, పీచు కుక్కాలి, రవ్వలు (చిన్న గుండ్లు) వేయాలి, మళ్లీ కుక్కాలి, చువ్వతో దట్టించాలి, మందును అంటించే క్యాపు పెట్టాలి. తొందరలో మందు ఎక్కువైతే గొట్టం పగిలి కాల్చినవాడి చెయ్యే పోతుంది, తడిస్తే అసలు పేలదు. ఒక్క దెబ్బ కొట్టి మళ్లీ నింపుకునేలోగా, ఎదుటివాడి పది తూటాల .303 రైఫిల్ ఖాళీ అయిపోతుంది. అంత తేడా తెలిసీ బురుజు దిగకపోవడం ఎంత ధైర్యమో చూపించాలంటే ఆ నింపే సమయాన్ని కోయకుండా తెర మీద ఉంచాలి. చకచకా పేలే తుపాకులిచ్చి పల్లె జనాన్ని హీరోలు చేస్తే ఆ ధైర్యమే మాయమవుతుంది.

సాయుధ పోరాటం మీద సినిమా తీయబోయే దర్శకుడు బురుజు సెట్ వేయించకముందు, తెలిసినవాడి చేత భర్మార్ నింపించి గడియారం పెట్టి చూడాలి. సీన్ పొడవు ఎంతుండాలో అప్పుడు తేల్చుకోవాలి.