సవరణ: షార్ట్ షిఫ్టర్‌తో గేర్ తేలిక కాదు

మొన్న హన్మకొండలో మా ఇంటి ముందే తమ్ముడి స్పోర్ట్స్ కారుకు షార్ట్ షిఫ్టర్ (గేర్ లివర్ తక్కువ దూరం కదిలితే చాలేలా చేసే భాగం) బిగించిన సంగతి రాస్తూ ‘గేర్ తేలిగ్గా పడుతుంది’ అన్నాను. అది తప్పు. తగ్గేది లివర్ కదిలే దూరమే, చేతికి బలం ఎక్కువే పడుతుంది. లివర్ ఆనుకుని తిరిగే బిందువుకు పైన 200, కింద 40 మిల్లీమీటర్లు ఉందనుకోండి. షార్ట్ షిఫ్టర్‌తో కింది భాగం 50 అయితే దూరం 20 శాతం తగ్గుతుంది, బలం 25 శాతం పెరుగుతుంది. కాజీపేట ట్రాఫిక్‌లో గంటసేపు నడిపాక నా అరచేయి ఎర్రబడింది.

ఇంకో మాట, జాకీ ఒక్కటే పెట్టి కారు కిందికి దూరానని రాశాను. దయచేసి అలా చేయకండి. కారు బరువు మోసే స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డం వేశాకే కిందికి దూరండి.