నోరు విప్పకపోవడమే నేరమా?

హిచ్‌కాక్ పేరెత్తితే అందరూ ‘సైకో’, ‘వెర్టిగో’ అంటారు. 1953 నాటి ‘ఐ కన్ఫెస్’ను తలిచేవారు తక్కువ. ఆ నిర్లక్ష్యానికి హిచ్‌కాకే ఆద్యుడు. ఈ సినిమా తీయకుండా ఉండాల్సిందని ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోతో చెప్పాడు. పాపసంకీర్తన రహస్యం కోసం, అంటే పాపం ఒప్పుకోవడానికి వచ్చినవాళ్లు చెప్పింది బయటపెట్టకూడదన్న కట్టుబాటు కోసం, ఒక ఫాదర్ ప్రాణం మీదికి తెచ్చుకున్నాడంటే క్యాథలిక్కులు కానివారు నమ్మరని ఆయన బాధ.

కథ క్యుబెక్ నగరంలోది. చర్చిలో పనిచేసే కెల్లర్, ఫాదర్ అంగీ తొడుక్కుని విల్లెట్ అనే లాయరును చంపి, ఫాదర్ లోగన్ దగ్గర ఒప్పుకుంటాడు. అనుమానం లోగన్ మీదికే మళ్లుతుంది.

‘ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదా’ అనేవారు సగం సినిమానే చూసినట్టు. లోగన్ ఫాదర్ కాకముందు అతణ్ని ప్రేమించిన రూత్‌ను, ఆ సంగతి బయటపెడతానని విల్లెట్ బెదిరిస్తున్నాడు. అతడి చావు ఆమెతో పాటు లోగన్‌కూ కలిసొచ్చింది. చేతికి నెత్తురు అంటలేదు. మేలు మాత్రం అందింది. ఆ బరువును లోగన్‌గా వేసిన మోంట్‌గొమరీ క్లిఫ్ట్ కళ్లతోనే మోశాడు. ఆ నటనను చెక్కబొమ్మతో పోల్చేవారితో నాకు వాదన అనవసరం.

ఫాదర్లు ఉదయం ఫలహారం చేసే సన్నివేశం ఒక్కటి చాలు. వాళ్ల కబుర్లు వాళ్లవి. కెల్లర్ భార్య ఆల్మా కాఫీ పోస్తూ బల్ల చుట్టూ తిరుగుతుంది. ఆమె చూపంతా లోగన్ మొహం మీదే. భర్త గుట్టు ఆయన ఎంత మోయగలడో కొలుచుకుంటోంది. ఒక్క తుపాకీ లేకుండా ఇంతకంటే ఉత్కంఠ ఎవరు పుట్టించారు?

తగిన సాక్ష్యం లేదని జ్యూరీ వదిలేశాక లోగన్ బయటికి వస్తాడు. జనం మీదపడతారు, ఆ తోపులాటలో కారు అద్దం పగులుతుంది. గుంపులో ఒకామె యాపిల్ కొరుకుతూ తమాషా చూస్తుంటుంది. ఆమెను మన టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నాం. ‘తప్పు చేయకపోతే ఎందుకు మాట్లాడడు?’ అన్న యాంకరు గద్దింపే తీర్పైపోయింది. తన మీద తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3)లో రాసుకున్న దేశం మనది. స్టూడియోలో ఆ అధికరణానికి పూచికపుల్ల విలువ లేదు.

చివరికి కెల్లర్ పట్టుబడేదీ ఈ బుద్ధితోనే. లోగన్ ఎప్పుడో చెప్పేసి ఉంటాడని తనే తేల్చుకుని, పోలీసుల ముందు తన నోటితోనే బయటపడతాడు.