వెయ్యి గజాల సాకు

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అనే సామెతను తరతరాలుగా ఆడేవాళ్ళను ఎగతాళి చేయడానికే వాడుకుంటున్నాం తప్ప, ఆ మద్దెలను ఒక్కరైనా విప్పి చూశారా అని మనం ఎన్నడూ అడగలేదు. విచారణ లేకుండా వెలువడిన ఆ తీర్పును తిరగదోడి, మద్దెల నిజంగానే ఓడు కావచ్చుననీ, దాన్ని తూచి, కొలిచి, భూతద్దం కింద పెట్టి తేల్చాలనీ పట్టుబట్టే క్రీడ ఒకటుంది. వెయ్యి గజాల అవతల నిలబెట్టిన కాగితాన్ని రైఫిల్‌తో కొట్టే పోటీ అది. టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, నెలకొక ఆదివారం ఈ పోటీలకు హాజరవుతూ, ఐదేళ్ళుగా ఫలితాల జాబితా అడుగుభాగాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఔత్సాహికుడిగా, దీని గురించి మాట్లాడే అర్హత తనకు పుష్కలంగా ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం. గెలిచేవారికి ఆ అర్హత లేదు. కారణాలు వెతుక్కోవలసిన అవసరం వారికి ఎన్నడూ రాలేదు.

ముందుగా దూరం సంగతి చూద్దాం. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లు కనుక, విజయవాడ ఒడ్డున బోర్లా పడుకుని, సీతానగరం వైపు ముప్పాతిక వంతు దాటాక గోడకు ఆనించి పెట్టిన భోజనం పళ్ళెం మీద గురి పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎఫ్-క్లాస్ అని పిలిచే ఈ పోటీలో పది మార్కుల వలయం పది అంగుళాల వెడల్పు ఉంటుంది, అది పళ్ళెం. దాని నడుమ, మార్కులు సమానమైనప్పుడు విజేతను తేల్చే ఎక్స్ వలయం ఐదంగుళాలు. అది పళ్ళెంలోని పూరీ. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన పోటీ దూరం పది మీటర్లు. అదీ నాలుగు గోడల మధ్య, పైకప్పు కింద. పాపం, ఆయనకు గాలి మీదికి నెట్టే వీలే లేకపోయింది. పతకం తీసుకోవడం తప్ప గత్యంతరం లేకుండా పోయింది.

వెయ్యి గజాల దగ్గర అలాంటి ఇబ్బంది ఉండదు. మామూలు .308 తూటా (ఆ అంకె అంగుళాల్లో దాని లావు) అంత దూరం చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైగా తీసుకుంటుంది. తప్పు చేశామని గ్రహించి, ‘అయ్యో’ అనుకుని, చుట్టుపక్కల ఎవరైనా చూశారా అని గమనించడానికి ఆ సమయం చక్కగా సరిపోతుంది. ఆ ప్రయాణంలో అది దాదాపు పది మీటర్లు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు, కిందికి దిగిపోతుంది. అయితే భూమ్యాకర్షణ మాట తప్పదు; నిన్న ఎంత లాగిందో ఇవాళా అంతే లాగుతుంది కనుక, రైఫిల్ మీది దుర్భిణి, అదే స్కోపు, మరను అన్ని క్లిక్కులు తిప్పితే లెక్క సరిపోతుంది. అందుచేత సాకుగా అది పనికిరాదు. గాలి అలా కాదు. పక్కనుంచి వీచే గాలి వేగం గంటకు ఒక్క మైలు మారితే చాలు, ఈ తూటా ఇంచుమించు పది అంగుళాలు జరిగి, పూరీని వదిలి, పళ్ళెం అంచు దాటి, తినేవాడి ఒళ్ళో పడుతుంది. గంటకు ఒక మైలంటే ముఖానికి తెలిసే గాలి కూడా కాదు. దేవుడి గదిలో అగరొత్తి పొగ కాస్త పక్కకు వాలితే, ఏదో వీచిందని ఒప్పుకోవలసిన గాలి. దాన్ని పట్టుకోవడానికి మైదానం పొడవునా జెండాలు పాతుతారు. అవి ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ళలా ఒక్కొక్కటీ ఒక్కో వైపు ముఖం తిప్పుకుని ఉంటాయి. జెండాలు చాలనప్పుడు ఎండమావిని చదవాలి. ఎండమావుల వెంట పడవద్దని మన వేదాంతులు మొత్తుకున్నారు గానీ, ఇక్కడ దుర్భిణిలోంచి ఆ నీడల అలలు ఎటు పారుతున్నాయో చూసి గాలిని అంచనా వేయడమే అసలు విద్య. అలలు ఎటూ పారకుండా నిట్టనిలువుగా ఉడుకుతున్నాయంటే గాలి దిశ మారబోతోందేమోనని అనుభవజ్ఞులు ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేస్తారు. ఔత్సాహికుడు సరిగ్గా అప్పుడే కాలుస్తాడు.

ఈ క్రీడలోకి తెలుగువాడు ప్రవేశించే ద్వారం కూడా తగినంత వంకరగానే ఉంది. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా సమాఖ్య చట్టం నిషేధించింది. అయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారిని మినహాయించింది. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి, అది ఈ జన్మలో వస్తుందో లేదో తెలియని ఈ వ్యాసకర్త, గుడ్డు కలిసిందేమోనని కేకును సైతం వాసన చూసి పక్కన పెట్టే శాకాహారి అయినప్పటికీ, టెక్సస్ ప్రభుత్వ రికార్డుల్లో వేటగాడుగా నమోదయ్యాడు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తిచేయాలన్నది అక్కడి నియమం. కనుక కొట్టిన జింక మాంసం చెడిపోకుండా ఎలా చూసుకోవాలో ఒక శనివారమంతా శ్రద్ధగా నేర్చుకుని, పరీక్ష రాసి, ఇంటికొచ్చి తలస్నానం చేసి పెరుగన్నం తిన్నాడు.

తప్పు మనిషిలో లేదు, పరికరంలోనే ఉందన్న సిద్ధాంతానికి రాచరిక మూలాలున్నాయని చాలామందికి తెలియదు. 1860లో ఇంగ్లండు జాతీయ రైఫిల్ సంఘం వింబుల్డన్ మైదానంలో మొదటి పోటీలు పెట్టినప్పుడు, తొలి తూటా పేల్చినది విక్టోరియా మహారాణి. విట్‌వర్త్ రైఫిల్‌ను ముందే ఒక స్టాండుకు బిగించి, 400 గజాల దూరంలోని లక్ష్యానికి గురి కుదిర్చి పెట్టారు. ఆమె చేయవలసిందల్లా ట్రిగ్గర్‌కు కట్టిన తాడు లాగడమే. తూటా దాదాపు నడిమధ్యన తగిలింది. మనిషి జోక్యం ఎంత తగ్గితే గురి అంత కుదురుతుందని ఆనాడే రుజువైనా, ఆ తర్వాత పుట్టిన ఔత్సాహికులందరూ రైఫిల్‌ను స్వయంగా ముట్టుకోవాలని పట్టుబట్టడం వల్లనే ఇన్ని అనర్థాలు జరుగుతున్నాయి. మనవాళ్ళు ఈ విషయంలో వివేకంగా ప్రవర్తించారు. కొల్హాపూర్ రాజావారు కప్పు మాత్రం కానుకగా ఇచ్చి ఊరుకున్నారు. దానికోసం ఇంగ్లండులోని బిస్లీలో పరాయి దేశాల జట్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి.

గాలి తర్వాత పూజనీయమైన సాకు మందు. గట్టి పోటీదారులు కొన్న తూటాలు వాడరు. ఖాళీ తూటా తొడుగులు, మందు, బుల్లెట్లు విడివిడిగా తెచ్చుకుని, రాత్రి గ్యారేజీలో కూర్చుని స్వహస్తాలతో కూర్చుకుంటారు. ఇక్కడ కొలత గ్రెయిన్, అంటే ఒకప్పటి బార్లీ గింజ బరువు. సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి తూచే గురిగింజ దీనికి రెట్టింపు కంటే కాస్త తక్కువ. బంగారం తూచేవాడు గురిగింజ దగ్గర ఆగిపోతే, ఔత్సాహికుడు గ్రెయిన్‌లో యాభయ్యో వంతు చూపించే త్రాసు కొని, ఒక్కొక్క పలుకునూ పట్టకారుతో తీసి వేస్తాడు. ఆదివారం తూటా అడుగున్నర పక్కకు పోయినప్పుడు, ఆ ఒక్క పలుకు ఎక్కువైందేమోనన్న అనుమానం రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. ఒకసారి ఊరి నుంచి అమ్మ ఫోను చేసి, వాడేం చేస్తున్నాడమ్మా అని కోడలిని అడిగితే, ఆమె ఉన్న మాటే చెప్పింది: “గ్యారేజీలో మందు కొలుచుకుంటున్నారు అత్తయ్యా. తొమ్మిదింటికి కూర్చున్నారు, ఇంకా అవ్వలేదు.” ఆ వారం నాన్న ఈ వ్యాసకర్తతో ముక్తసరిగానే మాట్లాడారు. తుపాకీ మందని వివరించాక ఆందోళన తగ్గకపోగా రెట్టింపయింది. “కొడితే ఏం ఇస్తార్రా?” అని ఆయన అడిగారు. మార్కులు ఇస్తారని చెబితే, “చదువుకునేటప్పుడు రానివి ఇప్పుడెందుకురా?” అన్నారు. ఆ ప్రశ్నకు గాలి లెక్కల్లో సమాధానం లేదు.

మందులో లోపం లేదని తేలిన ఏడాది తప్పంతా క్యాలిబర్‌దని, అంటే తూటా లావుదని, రూఢి అయింది. గాలిని మరింత బాగా కోసుకుపోయే పెద్ద తూటా రైఫిల్ మరొకటి వచ్చింది. అటువంటి వాటి బ్యారెల్ పదిహేను వందల తూటాలకే లోపల అరిగిపోవడం మామూలే కనుక, కొత్త బ్యారెల్ ఆర్డరు చేయబోతూ ఇంట్లో ఆ మాట చెప్పవలసి వచ్చింది. ఈ వ్యాసకర్త భార్య వృత్తిరీత్యా ఆడిటరు. తూటా బ్యారెల్ లోపల ఎంతసేపు ఉంటుందని అడిగింది. సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువని చెప్పగానే కాగితం మీద గుణించి, “అంటే ఏమండీ, ఈ బ్యారెల్ ఉద్యోగం చేసింది మొత్తం రెండు సెకన్లు. నా ధర్మవరం పట్టుచీర మూడు పెళ్ళిళ్ళకే కట్టానని సణిగారు గుర్తుందా? మూడు పెళ్ళిళ్ళంటే తక్కువలో తక్కువ ఇరవై గంటలు” అంది. లెక్క సరిగ్గానే ఉంది. లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని మాత్రం ఇక్కడ నమోదు చేయడమైనది.

అసలు ఈ ఎఫ్-క్లాస్‌లోని ఎఫ్ అన్నది ఫార్కర్‌సన్ అనే కెనడా షూటరు పేరులోని మొదటి అక్షరం. వయసు మీద పడి కళ్ళు, చేతులు సహకరించక పాత పద్ధతిలో కాల్చలేకపోయిన పెద్దల కోసం, స్కోపు పెట్టుకోవచ్చు, తుపాకీని బైపాడ్ అనే రెండు కాళ్ళ ఆసరా మీద ఆనించుకోవచ్చు అని మొదలైన వెసులుబాటు ఇది. ఆ వృద్ధాశ్రమంలోకి నడివయసు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చొరబడి, అందులోనూ ఆఖరున రావడం గురించి ఇంతకంటే వివరంగా రాయడం ఉచితం కాదు. .308 విభాగంలో స్కోపూ బైపాడూ కలిపి రైఫిల్ బరువు ఎనిమిదింపావు కిలోలు దాటకూడదు. దాటకుండా చూడడానికి ఈ వ్యాసకర్త అల్యూమినియం మరలు తెప్పించి, వంద గ్రాములు తగ్గించాడు. అదే చలికాలం ఒంటి బరువు ఆరు కిలోలు పెరిగింది గానీ, దాన్ని తూచే నియమమేదీ పుస్తకంలో లేదు. పోటీదారుల్లో అట్టడుగు తరగతికి అమెరికా జాతీయ రైఫిల్ సంఘం పెట్టిన పేరు ‘మార్క్స్‌మన్’, అంటే గురికాడు. మన విశ్వవిద్యాలయాలు మూడో శ్రేణిని ఉత్తీర్ణత అనడంలో చూపిన దయాగుణమే ఇందులోనూ కనిపిస్తుంది.

ఈ క్రీడలో సాకు చెల్లని చోటు ఒకటే ఉంది: లక్ష్యాల కింద తవ్విన పిట్. సగం మంది కాలుస్తుంటే మిగతా సగం మంది మట్టికట్ట వెనక కూర్చుని, ఎవరి లక్ష్యాన్ని వారు కిందికి లాగి, చిల్లు వెతికి, అందులో రంగు బిళ్ళ గుచ్చి, పాత చిల్లుకు అతుకు వేసి, మళ్ళీ పైకి తోస్తారు. తల మీదుగా తూటా కొరడా ఝళిపించినట్టు పోతుంది; తుపాకీ చప్పుడు తాపీగా తర్వాత వస్తుంది. వేసవిలో ఆ గొయ్యి రెంటచింతలను తలపిస్తుంది. అక్కడ ఒక మధ్యాహ్నం, డెబ్బయ్యెనిమిదేళ్ళ పెద్దాయన లక్ష్యాన్ని లాగే పని ఈ వ్యాసకర్తకు పడింది. ఇరవై తూటాలకు పదిహేడు చిల్లులు పళ్ళెంలోనే ఉన్నాయి. అదే గాలి, అదే వెలుతురు, అవే జెండాలు. ఆయన వాడింది కొన్న తూటాలని తర్వాత తెలిసింది. ఆ సమాచారాన్ని ఇంట్లో ఇంతవరకూ బయటపెట్టలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఈ గోతులు మూతపడి, మైక్రోఫోన్లతో తూటా చప్పుడును బట్టి చోటు కనిపెట్టే ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వస్తున్నాయి. ఇది ఔత్సాహికులకు చరిత్రాత్మక విజయం. కాగితం మీది చిల్లుతో వాదించలేం గానీ, సెన్సరుతో ఎంతసేపయినా వాదించవచ్చు.

ఇన్ని సాకుల మధ్య ఒక్క తప్పుకు మాత్రం ఎవరూ మందు కనిపెట్టలేకపోయారు. అది పక్కవాడి లక్ష్యాన్ని కొట్టడం. 1874లో న్యూయార్కు దగ్గరి క్రీడ్‌మూర్‌లో ఐర్లండు జట్టుతో అమెరికా ఔత్సాహికుల సంఘం తలపడినప్పుడు, ఒక ఐరిష్ షూటరు తూటా నడిమధ్యన తగిలింది. అయితే అది వేరే లక్ష్యం నడిమధ్య. నాలుగు మార్కులు రావలసిన చోట సున్నా వేశారు. అమెరికా 934, ఐర్లండు 931. మూడు మార్కుల తేడా. దశరథుడు సరయూ ఒడ్డున ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని శబ్దాన్ని బట్టి వదిలిన బాణం కూడా ఈ కోవకే చెందుతుంది. తప్పు గాలిదని ఆయన ఒక్క మాట అనలేదు. వెళ్ళి నేరం ఒప్పుకున్నాడు, శాపం తగిలింది.

గత నెల పోటీలో పద్దెనిమిదో తూటాకు ఈ వ్యాసకర్త ఎండమావిని చదివి, నాలుగు క్లిక్కులు ఎడమకు తిప్పి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. తన లక్ష్యం కదల్లేదు. పక్క లక్ష్యం కిందికి దిగి, పైకి వచ్చింది. బిళ్ళ పూరీ నట్టనడుమ ఉంది. ఆ లక్ష్యం పెద్దాయనది. ఆయన ఇంకా తూటా నింపుకుంటున్నారు. మా రేంజిలో రెండు లక్ష్యాల నడుమ దూరం పన్నెండు అడుగులు, అంటే 144 అంగుళాలు. మైలుకు పది అంగుళాల చొప్పున అంత జరగాలంటే గంటకు పద్నాలుగు, పదిహేను మైళ్ళ గాలి వీచి ఉండాలని అక్కడికక్కడే లెక్క వేసి, తలెత్తి చూస్తే, జెండాలన్నీ ఆరేసిన పంచెల్లా వేలాడుతున్నాయి. పెద్దాయన దుర్భిణిలోంచి తన లక్ష్యాన్ని ఒకసారి, ఇటు తిరిగి ఈ వ్యాసకర్తను ఒకసారి చూసి, “గాలి భలే చదివావయ్యా” అని మళ్ళీ పడుకున్నారు. ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేసి, ఇవాళ నడిమధ్యన కొట్టానని చెప్పడం జరిగింది. ఆయన సంతోషించి, ఏ లక్ష్యమని మాత్రం అడగలేదు.